క్లాస్ ర్యాంకు 27 దాటని జట్టుకి ప్లేఆఫ్ ఆశ ఉందా? కాలేజీ ఫుట్‌బాల్‌లో స్టార్ల లెక్క, డబ్బు లెక్క

శనివారం_సందడి:

ఇది అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ సంగతి. సాకర్ అనుకుని వచ్చినవాళ్లు క్షమించాలి.

డిసెంబర్లో హైస్కూల్ కుర్రాళ్లు కాలేజీ జట్లకి సంతకాలు చేసే వారం రాగానే పట్టికలో పైన కనిపించేవి అవే పేర్లు: జార్జియా, అలబామా, ఒహాయో స్టేట్, టెక్సస్, ఓరెగాన్. నేను వెనకేసుకొచ్చే జట్టు పెద్ద కాన్ఫరెన్స్‌ (జట్ల కూటమి) లోదే, కానీ క్లాస్ ర్యాంకు, అంటే ఆ ఏడు తెచ్చుకున్న కుర్రాళ్ల బ్యాచ్‌కి ఇచ్చే ర్యాంకు, ఏటా 25కీ 30కీ మధ్యే ఊగుతుంటుంది. ఈ ఏడు 27. కోచ్ మాత్రం ప్రతిసారీ ఈ బ్యాచ్ మన తలరాత మారుస్తుందనే అంటాడు.

నాకు తెలియాల్సినవి మూడు. 27వ ర్యాంకు అంటే అసలు ఏంటి, 12వ ర్యాంకుకీ దానికీ మైదానంలో తేడా ఎంత? పోర్టల్ (జట్టు మారాలనుకునే ఆటగాళ్లు పేరు వేసుకునే జాబితా), ఎన్‌ఐఎల్ (తమ పేరు, బొమ్మ అమ్ముకుని సంపాదించే హక్కు) వచ్చాక పోటీ సమానమైందని కొందరు, ఉన్నది కాస్తా పోయిందని కొందరు అంటున్నారు, ఎవరి మాట నమ్మాలి? ఇక మూడోది, ఐపీఎల్‌లో అందరికీ ఒకే పర్సు. 2025 మెగా వేలంలో ఒక్కో జట్టుకి 120 కోట్లు ఇచ్చి, వీటితోనే కొనుక్కోమన్నారు. ఇక్కడ అలా ఎందుకు చేయలేరు?

లెక్కలతో చెప్పండి. ఆటగాళ్ల గుండె ధైర్యం, జట్టు సంస్కృతి లాంటి మాటలు ప్రెస్‌మీట్లలో చాలా విన్నాను.

నాలుగో_డౌన్:

మొదటి ప్రశ్న నేను తీసుకుంటాను. డబ్బు సంగతి నాకన్నా బాగా తెలిసినవాళ్లు ఇక్కడున్నారు.

ర్యాంకు ఎలా పుడుతుందో తెలిస్తే సగం అనుమానం తీరిపోతుంది. 247స్పోర్ట్స్ అనే వెబ్‌సైట్ ఇచ్చే కాంపోజిట్‌నే తీసుకోండి. వేర్వేరు సంస్థల రేటింగులు కలిపి ఒక్కో కుర్రాడికి ఒకటి లోపు దశాంశ సంఖ్య ఇస్తారు. 0.98 దాటినవాళ్లకి ఐదు స్టార్లు, 0.89 దరిదాపుల నుంచి నాలుగు. ఐదు స్టార్లవాళ్లు ఏటా 32 మంది చుట్టుపక్కలే ఉంటారు, ఎందుకంటే ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) జట్లు కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో 32 ఎంపికలుంటాయి, ఆ స్థాయి కుర్రాళ్లు వీళ్లేనని అంచనా కట్టడమే వాళ్ల ఉద్దేశం. నాలుగు స్టార్లవాళ్లు మూడు నాలుగు వందల మంది. మిగతా వేలమందీ మూడు స్టార్లూ అంతకన్నా కిందా.

జట్టు స్కోరులో అందరికంటే మంచి కుర్రాడికి పూర్తి బరువు, రెండోవాడికి కొంచెం తక్కువ, అలా తగ్గుతూ పోతుంది. ఇరవై దాటాక కలిసే పాయింట్లు నామమాత్రం. అయినా సంఖ్య ప్రభావం ఎంతో కొంత ఉంటుంది. 17 మందితో ఆపేసిన జట్టు 27 మందిని తీసుకున్న జట్టు కింద కనిపించొచ్చు, నాణ్యతలో మాత్రం పైనుండొచ్చు. అందుకే మొత్తం స్కోరు పక్కనే ఉండే సగటు రేటింగ్ చూడండి. ఇంకో సంగతి, ఆ స్కోర్ల గీత పైన నిటారుగా, మధ్యలో చదునుగా ఉంటుంది. 3వ ర్యాంకుకీ 15వ ర్యాంకుకీ మధ్య పెద్ద లోయ. 25కీ 38కీ మధ్య ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ల తేడా అంతే. మీ కోచ్ 31 నుంచి 27కి ఎక్కామని చెబితే అది వార్త కాదు.

12కీ 27కీ మధ్య తేడా తెలియాలంటే బ్లూ చిప్ నిష్పత్తి వేసుకోండి. బడ్ ఎలియట్ అనే విలేకరి వాడుకలోకి తెచ్చిన లెక్క ఇది. గత నాలుగేళ్లలో హైస్కూల్ నుంచి సంతకం చేసినవాళ్లందరినీ కూడండి, అందులో నాలుగు, ఐదు స్టార్లవాళ్లు (వీళ్లనే బ్లూ చిప్‌లంటారు) ఎంతమందో చూడండి, భాగించండి. ఉదాహరణకి నాలుగు క్లాసుల్లో 24, 21, 25, 20 మంది ఉన్నారనుకోండి, మొత్తం 90. వాళ్లలో బ్లూ చిప్‌లు 7, 5, 9, 6, కలిపితే 27. నిష్పత్తి 30 శాతం. ఏటా ఇరవై, ముప్పై మధ్య ర్యాంకు తెచ్చుకునే జట్టుకి ఇంచుమించు ఇలాగే వస్తుంది. ఈ లెక్కలో పోర్టల్ నుంచి వచ్చినవాళ్లని కలపకూడదు. చాలామంది అక్కడే గందరగోళం చేస్తారు.

చాలా ఏళ్లపాటు 50 శాతం దాటని జట్టు ఏదీ జాతీయ టైటిల్ గెలవలేదు. ఆ గీత దాటే జట్లు ఏటా 15 నుంచి 18 దాకానే ఉంటాయి. ఇందులో మాయ ఏం లేదు. బ్లూ చిప్‌లు ఏటా నాలుగు వందల లోపు, క్లాసుకి ఇరవై పైచిలుకు మంది. పదిహేను జట్లు ఒక్కోటి ఇరవై మంది చొప్పున ఎత్తుకుపోతే మూడు వందలు ఖాళీ. మిగిలినవాళ్లని పెద్ద కాన్ఫరెన్సుల్లోని మిగతా యాభై జట్లు పంచుకోవాలి.

ఫలితాలు కూడా అలాగే ఉండేవి. నాలుగు జట్ల ప్లేఆఫ్ 2014 నుంచి 2023 దాకా పదేళ్లు నడిచింది. మొత్తం 40 స్థానాలు. అలబామాకి 8, క్లెమ్సన్‌కి 6, ఒహాయో స్టేట్‌కి 5, ఓక్లహోమాకి 4. అంటే నలభైలో ఇరవై మూడు నాలుగు జట్ల జేబులోనే! పదేళ్లలో ఆ గడప తొక్కిన జట్లు పదిహేనే.

రేటింగ్ మైదానంలో ఎక్కడ పనిచేస్తుందో కూడా చెప్పాలి. మొదటి పదకొండు మందిలో తేడా అభిమానులు అనుకునేంత ఉండదు. డిఫెన్సివ్ టాకిల్, అంటే రక్షణ వరస మధ్యలో నిలబడే భారీ మనిషి చోటు చూడండి. మూడు వందల పౌండ్లు దాటిన మనిషి మ్యాచ్‌లో 40, 45 ప్లేలకి మించి ఆడితే నాలుగో క్వార్టర్లో నడుం వంగదు, లేవడానికే టైం పడుతుంది. ప్రత్యర్థి డెబ్భై ప్లేలు ఆడితే మిగిలిన పాతిక, ముప్పై మీ మూడో, నాలుగో టాకిల్ ఆడాలి. జార్జియాలో ఆ నాలుగోవాడు కూడా నాలుగు స్టార్లవాడే. మీ దగ్గర మాత్రం రెడ్‌షర్ట్ (మొదటి ఏడు ఆడించకుండా ఆపి ఉంచడం) తీసేసిన కొత్త కుర్రాడు. మూడో క్వార్టర్ దాకా సమానంగా ఉన్న మ్యాచ్ చివర్లో 17 పాయింట్లకి జారిపోయేది ఇందుకే. 2022 సీజన్ ఫైనల్లో టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్) 65-7తో జార్జియా చేతిలో ఓడింది ఈ రోగం ముదిరితేనే.

ఇక స్టార్లు మోసం చేసే చోట్లు. అఫెన్సివ్ లైన్ (బంతి ఉన్నవాడికి అడ్డుగా నిలబడే ఐదుగురు) అన్నిటికన్నా ఘోరం. పదిహేడేళ్ల టాకిల్ 265 పౌండ్లుంటాడు, వాడు 305కి పెరిగాక కాళ్లు కదుపుతాడో లేదో ఎవరికీ తెలియదు. అక్కడ స్టార్లు వదిలేసి చేతి పొడవు 33 అంగుళాలు దాటిందా, బాస్కెట్‌బాలో కుస్తీయో ఆడాడా అని చూడటం మేలు. రెండోది, పెద్ద జట్టు ఆఫర్ ఇచ్చిందని తెలియగానే రేటింగ్ పెరగడం. అది పూర్తిగా మోసం కాదు, అలబామా కోచ్‌లు చూసి మెచ్చారంటే అదీ సమాచారమే. కానీ మీ జట్టు ముందే పసిగట్టిన కుర్రాడికి ఆ పెంపు దక్కదు.

చివరిగా, 2022లో టెక్సస్ ఏ అండ్ ఎం సంతకం చేయించిన క్లాస్‌కి కాంపోజిట్ చరిత్రలోనే అత్యధిక స్కోరు వచ్చింది. అదే ఏడు జట్టు 5-7, అంటే ఐదు గెలుపులు, ఏడు ఓటములు. తర్వాత ఆ కుర్రాళ్లు చాలామంది వేరే చోట్లకి వెళ్లిపోయారు. 2023 నవంబర్లో కోచ్ జింబో ఫిషర్‌ని తీసేయడానికి ఏడున్నర కోట్ల డాలర్లకు పైగా ఒప్పుకోవాల్సొచ్చింది. 50 శాతం దాటితే పోటీలో నిలుస్తారు, గెలిచి తీరతారని కాదు.

శనివారం_సందడి:

నా జట్టుకి లెక్క వేశాను. 26 శాతం. నీరసం వచ్చింది.

అయితే 2025 సీజన్లో ఇండియానా జాతీయ టైటిల్ ఎలా గెలిచింది మరి?

బ్లూమింగ్టన్_బాబాయ్:

ఆ ప్రశ్న వస్తుందని ఎదురుచూస్తున్నా.

2023లో ఇండియానా 3-9. ఆ నవంబర్ ఆఖర్లో కోచ్ కర్ట్ సిగ్నెట్టీని చిన్న కాన్ఫరెన్స్ జట్టు జేమ్స్ మాడిసన్ నుంచి తెచ్చారు. ఆయన వెంట ఆ పాత జట్టు నుంచే పదమూడు మంది వచ్చారు. 2024లో 11-2, ప్లేఆఫ్ మొదటి రౌండ్‌లో నోటర్ డామ్ చేతిలో ఓటమి. 2025లో 16-0. రోజ్ బౌల్‌లో అలబామా మీద 38-3, సెమీస్‌లో ఓరెగాన్ మీద 56-22, ఫైనల్లో మయామీని దాని సొంత మైదానంలోనే 27-21. బ్లూ చిప్ నిష్పత్తి యాభైకి దరిదాపుల్లో కూడా లేదు. మీ 26 కన్నా చాలా తక్కువ. పైన నాలుగో_డౌన్ గారు "చాలా ఏళ్లపాటు" అని జాగ్రత్తగా రాశారు చూడండి, దానికి కారణం ఇదే.

దీన్ని అద్భుతం అని వదిలేస్తే నేర్చుకునేది ఏమీ ఉండదు. చేసిన పని ఇది: హైస్కూల్ కుర్రాడి మీద పందెం కాయడం మాని, వేరేచోట ఇరవై, ముప్పై మ్యాచ్‌లు ఆడి చూపించినవాడిని తెచ్చుకోవడం. కుర్రాడు ముందుముందు ఏమవుతాడన్నది కాదు, ఇప్పటికే ఏం చేసి చూపించాడన్నదే ముఖ్యమని సిగ్నెట్టీ బాహాటంగానే చెబుతాడు. కార్నర్ (రిసీవర్లని కాపు కాసేవాడు) డియాంజెలో పాండ్స్, లైన్‌బ్యాకర్ ఏడెన్ ఫిషర్, రిసీవర్ ఎలైజా సారట్, ఎడ్జ్‌లో (రక్షణ వరస అంచున) మికైల్ కమారా, నలుగురూ జేమ్స్ మాడిసన్ నుంచి వచ్చినవాళ్లే. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోసా హైస్కూల్లో యేల్‌కి మాటిచ్చి, తర్వాత క్యాల్ (కాలిఫోర్నియా, బర్కిలీ) కి వెళ్లి, అక్కడ్నుంచి ఇటొచ్చాడు. ఆ ఏటి ఉత్తమ ఆటగాడికిచ్చే హైజ్మన్ ట్రోఫీ కొట్టాడు. ఎదురుగా మయామీ క్వార్టర్‌బ్యాక్ కార్సన్ బెక్ కూడా జార్జియా నుంచి పోర్టల్‌లో వచ్చినవాడే.

మీ జట్టు పోర్టల్‌లో ఎవరిని తెస్తోందో చూసేటప్పుడు స్టార్లు మూసేసి ముందు స్నాప్‌లు, అంటే మైదానంలో నిలబడి ఆడిన ప్లేల సంఖ్య చూడండి. రెండేళ్లలో ఎనిమిది వందలు దాటితే వాడి గురించి మ్యాచ్ వీడియో అబద్ధం చెప్పదు. రెండు వందల లోపుంటే పెద్ద జట్టు నుంచి వచ్చినా వాడు హైస్కూల్ రేటింగ్ మోసుకు తిరుగుతున్నవాడే. తర్వాత ఏ స్థాయి నుంచి ఏ స్థాయికి, ఏ చోటులో అన్నది. కార్నర్లు, రిసీవర్లు, లైన్‌బ్యాకర్లు కింది స్థాయి నుంచి పైకి తేలిగ్గానే సర్దుకుంటారు, వేగం ఎక్కడైనా వేగమే. లైన్ దగ్గర అలా కాదు. ఎదుటివాడి బరువు ఒక్కసారి నలభై పౌండ్లు పెరిగితే నిన్నటిదాకా పనిచేసిన కాళ్లు పనిచేయవు. ఆ తర్వాత ఆడటానికి ఎన్నేళ్లు మిగిలాయి. ఒక్క ఏడు మిగిలినవాళ్లు పదిమంది దాటితే వచ్చే జనవరిలో మళ్లీ మొదటికే.

ఇలా పోయిన జట్టు కూడా కళ్లముందే ఉంది. ఫ్లోరిడా స్టేట్ 2023లో ఓటమి లేకుండా 13 గెలిచింది. జారెడ్ వర్స్ ఆల్బనీ నుంచి, కియాన్ కోల్‌మన్ మిషిగన్ స్టేట్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్లంతా వెళ్లిపోయారు, మళ్లీ పోర్టల్‌నే నమ్ముకున్నారు, 2024లో 2-10. హైస్కూల్ క్లాసులు పలచబడిన జట్టుకి పోర్టల్ ఒక్క ఏడు గురి తప్పితే కింద పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ముఖ్యంగా అఫెన్సివ్ లైన్. ఐదుగురిలో ముగ్గురు కొత్తవాళ్లయితే స్టంట్ (ఎదుటివాళ్లు చోట్లు మార్చుకుంటూ దూసుకురావడం) వచ్చినప్పుడు ఎవడు ఎవడికి అప్పగించాలో తేలక అక్టోబర్ దాకా క్వార్టర్‌బ్యాక్ నేలమీదే ఉంటాడు. లైన్ హైస్కూల్ నుంచి, అంచుల్లో ఆడేవాళ్లు పోర్టల్ నుంచి. మధ్యతరగతి జట్టుకి నేను చెప్పే సూత్రం ఇదొక్కటే.

పైకప్పు_లెక్కలు:

డబ్బు దగ్గరికొద్దాం.

ఒకప్పుడు సమానం చేసే పరికరం, ఒక జట్టు ఎంతమందికి ఇవ్వొచ్చన్న స్కాలర్‌షిప్ పరిమితి. 1973 ముందు పెద్ద కోచ్‌లు పక్క జట్టుకి పోకుండా ఉండటానికే కుర్రాళ్లని తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టేవాళ్లు. 1973లో పరిమితి 105, 1978లో 95, తొంభైల మొదట్లో 85. పైవాళ్లు వదిలేసిన ఆ కొద్దిమందితోనే కింది జట్లు ఎదిగాయి.

2021లో మూడు జరిగాయి. జూన్ 21న ఆల్స్టన్ కేసులో సుప్రీంకోర్టు 9-0తో కాలేజీ ఆటలని నడిపే సంస్థ ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ అమ్ముకోవచ్చన్నారు. ఆ ఏప్రిల్లోనే ఒకసారి జట్టు మారితే ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదన్న సడలింపు కూడా వచ్చింది. 2023 డిసెంబర్లో కోర్టు అడ్డుకట్ట వేశాక, 2024 నుంచి ఎన్నిసార్లు మారినా అడిగేవాడు లేడు.

తర్వాత హౌస్ కేసు ఒప్పందం, 2025 జూన్ 6న జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించారు. పాత ఆటగాళ్లకి సుమారు 280 కోట్ల డాలర్ల పరిహారం. ఇకమీదట విశ్వవిద్యాలయమే నేరుగా ఇచ్చుకోవచ్చు, 2025-26కి పైకప్పు, అంటే గరిష్ఠ పరిమితి, సుమారు 2.05 కోట్ల డాలర్లు, అన్ని ఆటలకీ కలిపి. పెద్ద చోట్ల అందులో డెబ్భై ఐదు శాతం దాకా ఫుట్‌బాల్‌కే పోతుంది. కోటిన్నర డాలర్లు, 105 మంది: సగటున లక్షా నలభై వేలు. కానీ సగటు ఎవరికీ అందదు. మంచి క్వార్టర్‌బ్యాక్, ఎడమ టాకిల్, ఇద్దరు ఎడ్జ్ రషర్లు పెద్ద ముద్ద తీసుకున్నాక మిగతా వందమంది మిగిలింది పంచుకుంటారు. మీ జట్టు జనరల్ మేనేజర్ చేసే పనంతా ఈ పంపకమే.

స్కాలర్‌షిప్ పరిమితి పోయి 105 మంది జాబితా పరిమితి వచ్చింది. చూడ్డానికి కోతలా ఉంది, నిజానికి ధనిక జట్టుకి ఇరవై స్కాలర్‌షిప్‌లు అదనంగా ఇచ్చే వీలు. కొత్తగా పెంచిన స్కాలర్‌షిప్‌ల ఖర్చులో 25 లక్షల డాలర్ల దాకా పైకప్పు లోపలే లెక్కపెడతారు కాబట్టి అందరూ ఎగబడరు. నలిగిపోయింది వాకాన్‌లు, అంటే సొంత ఫీజు కట్టుకుని ఆడే కుర్రాళ్లు. అప్పటికే జట్టులో ఉండి చోటు పోయేవాళ్లకి మినహాయింపు ఇచ్చారు గానీ, కొత్తగా ఆ దారిలో వచ్చేవాడికి తలుపు సన్నబడింది.

ఇప్పుడు మీ ఐపీఎల్ పర్సు సంగతి. ఇక్కడున్నది పైకప్పు మాత్రమే, కింద నేల లేదు. 2.05 కోట్లు ఖర్చు పెట్టొచ్చు అన్నారు, పెట్టాలి అనలేదు. డబ్బు ఉన్నవాళ్లు అంచుదాకా పెడతారు, లేనివాళ్లు పదో వంతు పెట్టి ఊరుకుంటారు. పైగా బయటి కంపెనీలు ఇచ్చే ఎన్‌ఐఎల్ డబ్బు ఈ పైకప్పు కిందకి రాదు. 600 డాలర్లు, ఆపై ఒప్పందాలన్నీ డెలాయిట్ నడిపే ఎన్‌ఐఎల్ గో దగ్గర నమోదు చేయాలి, నిజమైన వ్యాపార అవసరం ఉందా, మొత్తం సబబుగా ఉందా చూస్తారు. కార్ల షోరూం ప్రకటనకి ఇంత ఇవ్వడం సబబా కాదా అని తేల్చడం ఎంత తేలికో మీరే ఊహించుకోండి.

వేలం ఎందుకు పెట్టరంటారా? పెట్టలేరు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో డ్రాఫ్ట్, జీతాల పరిమితి నిలబడ్డాయంటే ఆటగాళ్ల సంఘంతో సంతకం చేసిన ఒప్పందం ఉంది కాబట్టి. కాలేజీ ఆటగాడు ఉద్యోగి కాడు, సంఘం లేదు. పోటీదారులందరూ కూడబలుక్కుని ధర ఖాయం చేస్తే అది గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద నేరుగా దొరికిపోతుంది. ఇప్పుడున్న పైకప్పు కూడా కోర్టు ఒప్పందం నీడలోనే నిలబడింది. అదీకాక చదువుకోవాల్సిన కుర్రాడిని, నీ పేరు ఫలానా ఊరికొచ్చింది పో అని పంపడం ఎవరు ఒప్పుకుంటారు?

చిన్న పక్కమాట: టెక్సస్, ఫ్లోరిడా, టెనెసీల్లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. అదే మొత్తం కాలిఫోర్నియాలో ఇస్తే చేతికొచ్చేది తక్కువ. సమానత్వం గురించి మాట్లాడేవాళ్లెవరూ ఈ మాట ఎత్తరు.

డెంటన్_తమ్ముడు:

అన్నలంతా మంచిగనే చెప్పిన్రు గానీ, పైన ముప్పై జట్లను జూసి పోటీ సమానమైందంటే ఎట్ల? కింద ఏమైతుందో జూడుండ్రి.

డెంటన్‌ల నార్త్ టెక్సస్ యూనివర్సిటీ ఉంది కదా, మనోళ్లు ఎమ్మెస్‌కు మస్తు మంది వస్తరు. చదువుకునేటోళ్లల్ల సగం మందికి ఆ స్టేడియం ఏడుందో గూడ తెల్వది, అది వేరే ముచ్చట. 2025ల ఆ జట్టు రెగ్యులర్ సీజన్‌ల 11 గెలిచింది. క్వార్టర్‌బ్యాక్ డ్రూ మెస్టమేకర్ వాకాన్‌గ వచ్చినోడు, ఆ ఏడు దేశంల అందరికన్న ఎక్కువ పాసింగ్ గజాలు ఏసిండు. సీజన్ అయిపోంగనే కోచ్ ఎరిక్ మోరిస్ ఓక్లహోమా స్టేట్‌కు పోయిండు, ఎనక క్వార్టర్‌బ్యాక్ గూడ గాడికే పోయిండు.

ఒక్క డెంటన్ కాదు. 2025 ప్లేఆఫ్‌ల చిన్న కాన్ఫరెన్సుల నుంచి తులేన్, జేమ్స్ మాడిసన్ రెండొచ్చినయి. తులేన్ 41-10తోని ఓల్ మిస్ చేతుల ఓడింది, జేమ్స్ మాడిసన్ 51-34తోని ఓరెగాన్ చేతుల. గా మ్యాచులు ఆడేటప్పటికే తులేన్ కోచ్ జాన్ సమ్రల్‌కు ఫ్లోరిడా, మాడిసన్ కోచ్ బాబ్ చెస్నీకి యూసీఎల్‌ఏ ఉద్యోగాలు ఖాయమైనయి. మెంఫిస్ కోచ్ ఆర్కన్సాకు పోయిండు, సౌత్ ఫ్లోరిడా కోచ్ ఆబర్న్‌కు పోయిండు. ఒక్క చలికాలంల గింతమంది.

బాబాయ్, మీరు ఇండియానా గెలుపు లెక్క మంచిగ జెప్పిన్రు. గదే లెక్క జేమ్స్ మాడిసన్ దిక్కు నుంచి రాయుండ్రి. కోచ్ పాయె, పదమూడు మంది పాయె. ఇండియానాకు సమానత్వం వచ్చిందంటే ఇంకోళ్ల ఇంట్ల నుంచే వచ్చింది.

ముందు ఇట్ల లేకుండె. రెండు స్టార్లోన్ని తెచ్చి మూడేండ్లు పెంచితే నాలుగో ఏడు వాడు మీకే ఆడేటోడు. 2021ల సిన్సినాటి గట్లనే నాలుగు జట్ల ప్లేఆఫ్‌కు ఎక్కింది, చిన్న కాన్ఫరెన్స్ నుంచి మొదటిసారి, ఆ పద్ధతిల చివరిసారి గూడ. ఇప్పుడు రెండో ఏడు మంచిగాడితే మూడో ఏడు వాడు మీకు ఉండడు. క్యామ్ వార్డ్‌ను జూడుండ్రి: ఇన్‌కార్నేట్ వర్డ్, ఆడికెళ్లి వాషింగ్టన్ స్టేట్, ఆడికెళ్లి మయామీ, 2025 డ్రాఫ్ట్‌ల మొదటి ఎంపిక. ఆ పిల్లగానికి మంచిగనే అయింది, కాదనను. పెంచినోళ్లకు మాత్రం మిగిలింది వీడియోలే.

బ్లూమింగ్టన్_బాబాయ్:

తమ్ముడూ, ఒప్పుకుంటా. కానీ ఒక్క మాట. ఆ పదమూడు మందినీ పాత రూలు కింద అక్కడే కట్టిపడేస్తే లాభపడేది ఎవరు? జేమ్స్ మాడిసన్ తన చిన్న కాన్ఫరెన్స్ సన్ బెల్ట్ గెలిచేది, అంతే. ఒహాయో స్టేట్‌ని ఓడించే అవకాశం వాళ్లకి ఎప్పుడూ రాదు. 2025 డిసెంబర్లో అదే కుర్రాళ్లు ఇండియానా తరఫున 13-10తో ఓడించారు. పాండ్స్‌కి దక్కింది అన్యాయమా?

డెంటన్_తమ్ముడు:

పాండ్స్‌కు న్యాయమే అయింది. నేను అడిగేది పైసల సంగతి. సాకర్‌ల ఆటగాడు జట్టు మారితే పెంచిన క్లబ్బుకు ట్రాన్స్‌ఫర్ ఫీజు వస్తది. గిక్కడ కోచ్‌ను తీస్కపోతే బైఅవుట్ (ఒప్పందం మధ్యల తెంచినందుకు పరిహారం) కడ్తరు, ఆటగాన్ని తీస్కపోతే పైసా గూడ లేదు. గా ఒక్కటి పెట్టినా చిన్న జట్టు ఇంకో పదిమందిని తెచ్చుకుంటది.

పైకప్పు_లెక్కలు:

దానికి ఇప్పుడు దొంగదారి ఒకటి తయారైంది. విశ్వవిద్యాలయం ఆటగాడితో చేసుకునే రెవెన్యూ ఒప్పందంలోనే, మధ్యలో వెళ్లిపోతే ఇంత తిరిగి కట్టాలన్న నిబంధన రాస్తున్నారు. కొత్త జట్టు అది కడుతుందా, కోర్టులో నిలబడుతుందా అన్నది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. రెండేళ్ల ఒప్పందం, రెండో ఏడు మొత్తం ఎక్కువ, జనవరి దాటాకే చెల్లింపు: చిన్న జట్టు చేతిలో ఉన్న ఆయుధం ఇంతే.

శనివారం_సందడి:

చాలా థాంక్స్ అందరికీ. ఒక్కటి మిగిలింది. ఏడాదిలో ఎప్పుడు ఏం చూడాలి? డిసెంబర్ ఒక్కటే చూసి లాభం లేదని అర్థమైంది.

నాలుగో_డౌన్:

కుర్రాడు పదకొండో తరగతిలో ఉండగా సెప్టెంబర్ 1 నుంచి కోచ్‌లు మెసేజ్‌లు పంపొచ్చు. అదే చదువు ఏడు ఏప్రిల్ నుంచి అధికారిక సందర్శనలు, ఖర్చంతా విశ్వవిద్యాలయానిదే. అసలు బేరం మే, జూన్ వారాంతాల్లో తేలుతుంది. మీ జట్టు జూన్లో ఎవరెవరిని పిలిచిందో, వాళ్లు అదే నెలలో ఇంకెక్కడికి వెళ్లారో రాసి పెట్టుకోండి. మీ దగ్గరికి ముందొచ్చి, తర్వాత పెద్ద జట్టుకి వెళ్లినవాడు సాధారణంగా పోయినట్టే. ఆఖరి సందర్శన ఎవరిదో వాళ్లకే మొగ్గు. రాతపూర్వక ఆఫర్ పన్నెండో తరగతి ముందు ఆగస్టు 1 నుంచి. అప్పటిదాకా ఆఫర్ వచ్చిందని పెట్టే పోస్టులన్నీ నోటిమాటలే. కుర్రాడు కమిట్ అయ్యానన్నా అది కట్టుబాటు కాదు. 2024 నవంబర్లో ఆ ఏటి నంబర్ వన్ క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ అండర్‌వుడ్ ఎల్‌ఎస్‌యూని వదిలి మిషిగన్‌కి మారిపోయాడు కదా.

సంతకాలు డిసెంబర్ మొదటి బుధవారం నుంచి మూడు రోజులు. ఫిబ్రవరి బుధవారం పేరుకే మిగిలింది. సంతకం అయ్యాక ర్యాంకు పక్కన పెట్టి మూడు చూడండి: అఫెన్సివ్ లైన్‌లో నలుగురైనా వచ్చారా, సొంత రాష్ట్రంలోని మొదటి పదిమందిలో ఎందరు మిగిలారు, ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లని ఒకే క్లాస్‌లో తీసుకున్నారా. తీసుకుంటే ఒకడు ఏడాదిన్నరలో పోతాడు, ఆ చోటు వృథా.

పోర్టల్ ఇదివరకు రెండుసార్లు తెరిచేవాళ్లు. 2026 నుంచి ఒక్కసారే, జనవరి 2 నుంచి 16 దాకా. ఫైనల్ ఆడినవాళ్లకి కొన్ని రోజులు అదనం. కోచ్ మారితే ఆ జట్టువాళ్లకి విడిగా పదిహేను రోజుల గడువు, కొత్త కోచ్ వచ్చిన ఐదు రోజుల తర్వాత మొదలవుతుంది. ఏప్రిల్ కిటికీ మూసేయడం మీలాంటి జట్టుకి మంచిదే, వసంతం ప్రాక్టీసులో మెరిసినవాడిని మే నెలలో ఎత్తుకుపోవడం ఆగింది.

ఒక తికమక మాత్రం పెట్టుకోకండి. జనవరి 16 అనేది పోర్టల్‌లో పేరు వేసుకోవడానికి గడువు, కొత్త జట్టులో చేరడానికి కాదు. పేరు ఉన్నవాడు ఆ తర్వాత ఎప్పుడైనా ఎంచుకోవచ్చు. అయితే వసంతం సెమిస్టర్ అడ్మిషన్ గడువు దాటితే వాడు ప్రాక్టీసుకి రాలేడు, వేసవిలోనే వస్తాడు. మీ విశ్వవిద్యాలయం క్వార్టర్ పద్ధతిలో నడుస్తుందా, సెమిస్టర్ పద్ధతిలోనా చూసుకోండి. క్వార్టర్ పద్ధతి అయితే మార్చి చివర్లో ఇంకో అడ్మిషన్ దొరుకుతుంది.